అతుకులక్క పెట్టని సంతకం

ఆఫీసులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పై అంతస్తులో కూర్చునే పెద్దలదాకా అందరికీ ఆమె అతుకులక్కే. ఒకప్పుడు ఎవరో వెక్కిరింపుగా అన్న మాట అది. నొచ్చుకుంటుందనుకున్నారు. ఆమె మర్నాడే ఆ మాటను లావుపాటి అక్షరాలతో ఒక కాగితం మీద రాసి తన కంప్యూటర్ పైన అంటించుకుంది. అతుకులు వేసేదాన్ని అతుకులక్క అనక ఇంకేమంటారని అడిగినవాళ్ళకు చెప్పేది. ఆ తర్వాత ఆ పేరులోని వెక్కిరింపు దానంతటదే అరిగిపోయింది.

ఆ కంపెనీ తయారుచేసేది నడిపించే యంత్రాలు. పక్షవాతం వచ్చో, వెన్నుకు దెబ్బ తగిలో కాళ్ళు మాట వినని మనుషులను పట్టీలతో పైనుంచి పట్టి ఉంచి, కింద కదిలే పట్టా మీద నిలబెట్టి, తొడలకూ పిక్కలకూ లోహపు కాళ్ళు బిగించి, ఒక్కొక్క అడుగే వేయించే యంత్రం. మోకాలి దగ్గరి మోటారు ఎంత ముందుకు తొయ్యాలో, ఎక్కడ ఆగాలో లోపలున్న చిన్న కంప్యూటర్ చెబుతుంది. ఆ చెప్పడం సెకనులో వెయ్యో వంతుకొకసారి జరగాలి. ఒక్కసారి ఆలస్యమైతే మోటారు పాత మాటనే పట్టుకుని ముందుకు పోతుంది. ఆ మోటారుకు కట్టి ఉన్నది ఒక మనిషి కాలు.

కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. లోకంలో ఎందరో కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చే కెర్నెల్‌నే ఈ కంపెనీ కూడా వాడేది. అది మంచిదే. అడిగిన పనల్లా చేస్తుంది. కాని ఎప్పుడు చేస్తుందో మాట ఇవ్వదు. ఇదిగో వస్తున్నా అంటూ వీధి మలుపులో కబుర్లలో పడిపోయే మనిషి బాపతు. దానిచేత వేళకు పని చేయించడానికి లోపల అక్కడా ఇక్కడా చేసే మార్పులనే ప్యాచ్‌లంటారు. అంటే అతుకులే. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా పాతదాని మీది అతుకులన్నీ విప్పి, కొత్తదాని మీద ఒక్కొక్కటే వేసి, ఏది సరిగ్గా కూర్చుందో, ఏది ముడత పడిందో, ఏది ఇక అక్కర్లేదో చూడాలి. అతుకులక్క ఉద్యోగం అదే.

ఆమె చేరిన కొత్తలో ఆ ప్యాచ్‌లు అలమరలో కుక్కిన పాతగుడ్డల్లా ఉండేవి. ఫోల్డర్లకు "ఆఖరిది", "కొత్త ఆఖరిది", "ఇదే అసలు ఆఖరిది", "దీన్ని ముట్టుకోవద్దు" అని పేర్లు. ఏది ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగితే, రాసినాయన ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడనేవారు. ఆమె ఆ చిక్కంతా విడదీసి, ఒక్కో ప్యాచ్‌కు ఒక్కటే పని ఉండేలా చేసి, అన్నిటినీ వెర్షన్ కంట్రోల్‌లోకి ఎక్కించింది. అది కోడ్‌కు కట్టిపెట్టిన జ్ఞాపకశక్తి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా దాచిపెడుతుంది. ప్రతి మార్పు కిందా కారణం రాసి, దీనికి బాధ్యత నాది అని పేరు పెట్టాలి. ఆ పేరే సంతకం. కారణం సరిగా రాయనివాళ్ళ మార్పును ఆమె తీసుకునేది కాదు. "పని చేస్తోంది కదక్కా" అంటే, ఎందుకు చేస్తోందో రాసుకు రమ్మని తిప్పి పంపేది. అందుకని మొండిఘటమని ఆమెకు ఇంకో పేరు. అది మాత్రం చాటుగా అనేవారు.

ఇంట్లో ఆమె, అత్తగారు, ఇద్దరే. భర్త సరుకుల ఓడ మీద ఇంజన్ మెకానిక్కు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. వాళ్ళ వంటగది కిటికీ పక్క భవనం మెట్ల వైపుకు ఉండేది. ఆవిడ అక్కడ స్టూలు వేసుకుని కూరలు తరుగుతూ, మెట్లెక్కి దిగేవాళ్ళందరి సంగతులూ కూడబెట్టేది. కోడలి ఉద్యోగం ఏమిటో అర్థం చేసుకోవడానికి ఆవిడకు చాన్నాళ్ళు పట్టింది. అర్థమయ్యాక మాత్రం కోడలి తరఫున ఎవరితోనైనా ఒంటికాలి మీద లేచేది.

అంతా ఒక దారిలో పడిందనుకుంటున్న రోజుల్లో కంపెనీకి కొత్త డైరెక్టరు వచ్చాడు. ఏమీ తెలియకుండా పెత్తనం చెయ్యడానికి వచ్చిన మనిషి కాదాయన. ఒకప్పుడు తానూ కోడ్ రాసినవాడే. వచ్చీ రాగానే చాలా ఆస్పత్రులున్న ఒక పెద్ద సంస్థతో బేరం కుదిర్చాడు. ఈ బేరం చెడితే భవనంలో సగం కుర్చీలు ఖాళీ అవుతాయని మొదటి మీటింగ్‌లోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. అది అబద్ధమూ కాదు. ఆ ఆస్పత్రులవాళ్ళు ఒక కోరిక కోరారు. రోగి నడుస్తున్నంతసేపూ ఎదురుగా పెద్ద తెర మీద ఒక దారి, చెట్లు, పక్షులు కదులుతూ కనబడాలి. నిజంగా బయట నడుస్తున్నానని మనసుకు అనిపించాలి. కోరిక మంచిదే. తెర పని చూసే ఇంజనీరుకు గుబురు గడ్డం ఉండేది కాబట్టి అతన్ని గడ్డం అనే పిలిచేవారు. అతను తెరను నడిపే ప్యాచ్‌ను చిప్ అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి తెచ్చాడు. ఒక్కటే ప్యాచ్. కాని దిండంత ఉంది. అందులో ఏముందో ఇచ్చినవాళ్ళే చెప్పలేకపోయారు.

అతుకులక్క దాన్ని విప్పి చదివింది. బొమ్మను తెర మీదికి తోసేటప్పుడు అది లోపల గడియ పెట్టుకుని కూర్చుంటుంది. ఆ కాసేపూ ఇంకెవరి మాటా వినదు. చాలాసార్లు ఆ కాసేపు లెక్కలోకి రానంత చిన్నది. ఎప్పుడో ఒకసారి మాత్రం మోటారు అడిగిన వేళకు జవాబు దొరకనంత పెద్దది. ఆమె యంత్రాన్ని ఖాళీగా నడిపి కొలిచింది. గ్రాఫులో గీత చదునుగా పోతూ పోతూ, ఉన్నట్టుండి స్తంభంలా పైకి లేచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కిందికి వచ్చింది. ఈ ప్యాచ్ తీసుకోనని కారణంతో సహా రాసి పంపేసింది.

డైరెక్టరు తన గదికి పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడు. సగటు చూడమన్నాడు. సగటున ఆలస్యమన్నదే లేదన్నాడు.

"నడిచే మనిషికి సగటు అడుగంటూ ఉండదు సార్," అంది ఆమె. "పడేది ఒక్క అడుగులోనే."

పట్టీలుంటాయి కనుక ఎవరూ పడరని ఆయన అన్నాడు. ఆపే మీట ఉంటుందన్నాడు. ఆ ఒక్కసారి రోజుల తరబడి రాకపోవచ్చునని, ముందు యంత్రాలు ఇచ్చేసి తర్వాత తీరిగ్గా సరిచేసుకుందామని బుజ్జగించాడు. ఆమె ఒప్పుకోకపోయేసరికి ఇంకో మాట అన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ ప్యాచ్‌లన్నిటినీ ఆమె ఒక్కతే పట్టుకు కూర్చుందనీ, ఆమెకు జ్వరం వస్తే కంపెనీ పని ఆగిపోతోందనీ, ఇది శ్రద్ధో పెత్తనమో ఆమే ఆలోచించుకోవాలనీ అన్నాడు. అది గుచ్చుకుంది. అందులో నిజం ఉందని మెట్లు దిగుతుండగానే ఆమెకు తెలిసిపోయింది. ఎవరికైనా నేర్పుదామని ఎన్నోసార్లు అనుకుని, నేర్పేలోగా నేనే చేసేస్తే పోతుంది కదా అని చేసుకుంటూ వచ్చింది. కాని ఆ నిజానికీ ఈ ప్యాచ్‌కూ సంబంధం లేదని కూడా ఆమెకు తెలుసు.

వారం తిరక్కముందే ప్రధాన బ్రాంచ్‌లో, అంటే యంత్రాల్లోకి వెళ్ళే అసలు వరసలో, మార్పులు చేసే హక్కు ఆమెకు తీసేశారు. పట్టీ ఎలా బిగించాలో, మీట ఎక్కడుందో చెప్పే పుస్తకం రాయమని కూర్చోబెట్టారు. గడ్డం చేత ఆ దిండంత ప్యాచ్‌ను కలిపించారు. అంతటితో ఆగలేదు. యంత్రాలకు అనుమతి ఇచ్చేముందు తనిఖీకి వచ్చేవాళ్ళకు వరస పొట్టిగా, శుభ్రంగా కనిపించాలని ఆమె విడదీసి పెట్టిన అతుకులన్నిటినీ దాంతోపాటు ఒకే ముద్దగా చుట్టేశారు.

హక్కు తీసేసినా చదవడానికి అడ్డేమీ లేదు. ఒకరోజు పొద్దున ఆ ముద్దను మొదటినుంచీ చదువుకుంటూ వెళ్ళి, చిట్టచివర బాధ్యుల పేరు రాసేచోట ఆగిపోయింది. అక్కడ తన పేరే ఉంది. ఆఫీసులో ఎవరూ పిలవని ఆ అసలు పేరు, ఇంటిపేరుతో సహా.

గడ్డాన్ని అడిగితే నీళ్ళు నమిలాడు. తనిఖీ సంస్థ దగ్గర కెర్నెల్ బాధ్యురాలిగా నమోదైన పేరు ఆమెదేననీ, ఆ పేరు లేనిదే కాగితాలు కదలవనీ, పైనుంచి చెబితే పెట్టాననీ సణిగాడు. ఆ ముద్దలో సగం ఎలాగూ మీ పనే కదక్కా అని సర్దబోయాడు.

అతుకులక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "సగం నాదే," అంది. "మరి నా పేరు సగమే రాశావా?"

ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి అత్తగారికి జరిగిందంతా చెప్పింది. ముసలావిడ తరుగుతున్న బీన్స్ పక్కన పెట్టి విన్నది. తనకూ ఒకప్పుడు అలాంటిదే ఎదురైందని చెప్పింది. ఎక్స్ఛేంజీలో ఏదో ముఖ్యమైన లైను తెగిపోతే, తప్పు ఆవిడదేనని సూపర్‌వైజరు తానే రాసుకొచ్చి సంతకం పెట్టమన్నాడట. ఆవిడ ఆ కాగితం తీసుకెళ్ళి, అందరూ భోంచేసే గదిలో నిలబడి పైకి చదివిందట. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ ఒప్పుకోని షిఫ్టులన్నీ ఆవిడకే వేశారట. సంతకం మాత్రం పెట్టించలేకపోయారట.

"భయం వెయ్యలేదా అత్తయ్యా?"

"ఎందుకు వెయ్యదే? భయపడుతూనే చదివాను. గొంతు వణికింది కూడా. వణికితే ఏం, వినపడింది కదా."

మర్నాడు భర్త ఓడ నుంచి ఫోను చేశాడు. సంగతి విని, ఉద్యోగం పోతే ఎలా అని మొదలుపెట్టబోయాడు. అత్తగారు ఫోను లాక్కుని, నీ ఇంజను సంగతి నువ్వు చూసుకో నాయనా, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం అని పెట్టేసింది.

వారానికొకసారి జరిగే మీటింగ్‌లో అతుకులక్క లేచి నిలబడింది. తన పేరు తనకు చెప్పకుండా పెట్టారనీ, దాన్ని తీసెయ్యాలనీ అందరి ముందూ చెప్పింది. డైరెక్టరు ఆ సంగతి విడిగా మాట్లాడదామన్నాడు. విడిగా మాట్లాడేది ఏమీ లేదంది. గొంతు ఆమెకే వినపడనంత కిందికి దిగిపోయింది. దాంతో గదిలో గుసగుసలు ఆగి అందరూ చెవులు అప్పగించారు.

"గ్రాఫును మీరు నమ్మరు. అందుకని నన్ను ఎక్కించండి. మీ బ్రాంచే వెయ్యండి, మీ తెరే పెట్టండి. నా పేరు రాసిన యంత్రం కదా, నా కాళ్ళే కట్టండి. అది తన్నేదాకా నడుస్తాను. తన్నకపోతే సంతకం నేనే పెడతాను."

ఎవరో నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. కాదంటే యంత్రం మీద తనకే నమ్మకం లేనట్టవుతుంది. ఆమె ఇష్టమన్నాడు.

యంత్రాలను పరీక్షించే గది కింది అంతస్తులో ఉండేది. పొడుగాటి కిటికీలు, గచ్చు మీద రబ్బరు చాపలు, ఒక మూల మంచం, గోడకు వేలాడే పట్టీలు. ఆ గది ఒక ఫిజియో చేతి కింద ఉండేది. కండలు తిరిగిన చేతులు, తక్కువ మాటలు, రోగులను చంటిపిల్లల్లా ఎత్తి కూర్చోబెట్టే మనిషి. ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. ఆపే మీట తన చేతిలో ఉంటుంది, విశ్రాంతి తీసుకోమన్నప్పుడు నోరు మూసుకుని తీసుకోవాలి. అతుకులక్క తలూపింది. ఫిజియో ఆమె తొడలకూ పిక్కలకూ లోహపు కాళ్ళు బిగించి, పట్టీ లాగి చూసి, యంత్రం మొదలుపెట్టింది. ఎదుటి తెర మీద దారి కదిలింది. ఆకులు రాలాయి. ఒక పక్షి వచ్చి కొమ్మ మీద వాలింది.

ఆమె నడిచింది. ఒక విడత నడిచి కాస్త ఆగి, మళ్ళీ నడిచింది. పై అంతస్తులవాళ్ళు ఏదో వంకతో కిందికి వచ్చి తొంగిచూసి పోయారు. మధ్యాహ్నానికి చూడ్డానికి వచ్చేవాళ్ళు తగ్గారు. సాయంత్రం దాకా యంత్రం వెన్నపూసలా నడిచింది. ఒక్క కుదుపు లేదు, ఒక్క జర్కు లేదు. పట్టీలు విప్పేసరికి నడుం మీద ఎర్రటి చారలు తేలాయి. డైరెక్టరు ఇంటికి వెళ్తూ గుమ్మంలో ఆగి, మంచి యంత్రమే చేశాం కదా మేడమ్ అన్నాడు. ఎకసెక్కం లేదు, అందుకే మరీ మంటగా అనిపించింది. లిఫ్టులో ఇద్దరు ఆమెను చూసి మాట మార్చారు. బస్సులో కూర్చున్నాక, తన లెక్కే తప్పేమో అన్న అనుమానం మొదటిసారి వచ్చింది. ఇంటికి వెళ్ళి గ్రాఫులన్నీ మళ్ళీ తీసి చూసుకుంది. లెక్క తప్పు కాదు. అది ఎప్పుడొస్తుందో చెప్పే లెక్క కాదది, వస్తుందని మాత్రమే చెప్పే లెక్క.

రెండోరోజు పొద్దున మళ్ళీ యంత్రం ఎక్కింది. ఇంకా ఎన్నాళ్ళు అని గడ్డం అడిగాడు. తన్నేదాకా అన్నాను కదా అంది.

మధ్యాహ్నం అత్తగారు క్యారేజీ పట్టుకుని వచ్చింది. బయటివాళ్ళు రాకూడదని వాచ్‌మన్ అడ్డం పడితే, నేను బయటిదాన్ని కాదు, లోపల నడుస్తున్నదాని అత్తగారినని చెప్పి లోపలికి వచ్చేసింది. మూలనున్న కుర్చీ లాక్కుని యంత్రానికి ఎదురుగా కూర్చుంది. కాసేపు తెర కేసి చూసి, ఆ పక్షి ఇందాకటినుంచీ అదే కొమ్మ మీద వాలుతోంది, దానికి వేరే పనేం లేదా అని అడిగింది. ఎప్పుడూ నవ్వని ఫిజియో కూడా నవ్వేసింది. తెర పని చేసిన గడ్డం మొహం మాడ్చుకున్నాడు.

ఆ నవ్వు ఇంకా అణగలేదు. పక్షి మళ్ళీ రెక్కలు విప్పింది. కుడికాలు ముందుకు వెళ్తోంది, ఆగాల్సినచోట ఆగలేదు. మోకాలు చాపినంత చాపుకుని, ఇంకా చాపుకుని, తొడ లోపల ఏదో పిడికిట్లో పట్టి మెలితిప్పినట్టయింది. ఆ వెంటనే తప్పు తెలుసుకున్న మోటారు అదే కాలిని వెనక్కి గుంజింది. ఫిజియో మీట నొక్కేలోగా యంత్రం తనంతట తానే కరెంటు కోసుకుని ఆగిపోయింది. అతుకులక్క పట్టీలకు వేలాడుతూ ఉంది. ముఖంలో రక్తం లేదు. అరవలేదు. పళ్ళ బిగువున "ఇదే," అంది. "రాసుకోండి."

అత్తగారు కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, కోడలి నడుం చుట్టూ ఎప్పుడు చేతులు వేసిందో ఎవరూ చూడలేదు. గడ్డం వచ్చి పట్టీలు విప్పాడు. మూలనున్న మంచం మీద ఫిజియో ఆమె మోకాలికి మంచు కడుతుండగా డైరెక్టరు దిగివచ్చాడు. వాచిన మోకాలు చూశాడు, తెర చూశాడు. తర్వాత నోరు జారాడు. ఇది సరిగ్గా మీ అత్తగారు వచ్చినప్పుడే జరగడమేమిటి, మీరు లోపల ఏమైనా మార్చారా అని అడిగాడు.



"దేన్ని మార్చను సార్?" అంది అతుకులక్క. "అందులో ఉన్నది మీ బ్రాంచి. దాన్ని ముట్టుకునే హక్కు నాకు లేకుండా చేసింది మీరే. ఎవరెవరు ముట్టుకున్నారో వరసలో ఉంటుంది, చదువుకోండి." యంత్రం వైపు చెయ్యి చూపించింది. "లేదంటే మీరు ఎక్కండి. పట్టీలు నేను బిగిస్తాను."

ఆయన నిజంగానే యంత్రం దగ్గరికి నడిచాడు. వేలాడుతున్న పట్టీ పట్టుకున్నాడు. దాని బకిల్‌ను చాలాసేపు వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. ఒకప్పుడు కోడ్ రాసిన మనిషి కదా, వెనక్కి తిరిగేసరికి ముఖం మారింది. తెర లేకుండానే యంత్రాలు పంపుదామని గడ్డంతో అన్నాడు. ఆస్పత్రులవాళ్ళతో తాను మాట్లాడుకుంటానన్నాడు. క్షమించమని అనలేదు.

బేరం చెడలేదు, కాని చిక్కిపోయింది. తెర పని పూర్తయ్యేదాకా ఆస్పత్రులవాళ్ళు సగం యంత్రాలే తీసుకుంటామన్నారు. ఆ ఏడు ఎవరికీ జీతాలు పెరగలేదు. అందుకు కారణం అతుకులక్కేనని కొందరు ఆమెతో టీ తాగడం మానేశారు. తెరకు విడిగా ఇంకో చిన్న కంప్యూటర్ పెట్టి, నడిపించే కెర్నెల్ జోలికి దాన్ని రాకుండా చెయ్యొచ్చని గడ్డమే ఆలోచించి చెప్పాడు. ముందే అలా ఎందుకు చెయ్యలేదని ఎవరూ అడగలేదు. ఎవరూ అంత టైము ఇవ్వలేదు కనుక.

ఆమె హక్కు ఆమెకు తిరిగి వచ్చింది. ఆమె చేసిన మొదటి పని, ఆ ముద్దను వెనక్కి తీసి, తన అతుకులన్నిటినీ మళ్ళీ విడివిడిగా వరసలో పెట్టడం. ఎందుకు తీసిందో కారణం రాసింది, మోకాలి సంగతితో సహా. అక్కడితో గొడవ తీరిందనే అనుకుంది. ఇంతలో తనిఖీ సంస్థ మనిషి వస్తున్నట్టు కబురొచ్చింది.

డైరెక్టరు స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతులో అధికారం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. ఆ ముద్దను కలిపిన సంగతీ, వెనక్కి తీసిన సంగతీ వరసలోంచి చెరిపేస్తే మంచిదన్నాడు. అసలు జరగనట్టే ఉంటుందన్నాడు. దాంతోపాటు ఆమె పేరు కూడా పోతుంది కదా, ఆమె అడిగింది అదే కదా అన్నాడు.

అది నిజమే. నా పేరు తీసెయ్యండి అని ఆమె నోరారా అడిగింది. వరసను వెనక్కి తిప్పి, కావలసినచోట కోసేసి, మిగతాది మళ్ళీ కుట్టేయడం ఆమెకు నిమిషాల్లో పని. ఎవరికీ తెలియదు. తన పేరు శుభ్రంగా ఉంటుంది. ఆ పేరు అక్కడ ఎవరు, ఎలా పెట్టారన్నది కూడా శుభ్రంగా పోతుంది.

"ఉండనివ్వండి సార్," అంది చివరికి.

"మీ పేరుండగానా?"

"ఉండనివ్వండి. దాని కింద, ఇది నేను పెట్టలేదు అని నేను రాస్తాను. పెట్టమన్నది ఎవరో మీరు రాస్తే మీరే పెద్దమనిషి అవుతారు. రాయకపోయినా ఫరవాలేదు. చెరపడం మాత్రం నా చేత కాదు. ఇంకెవరి చేతా చెయ్యనివ్వను."

కావాలంటే ఆమెను మళ్ళీ పక్కన పెట్టగలనని ఆయన అన్నాడు. పెట్టొచ్చునంది. ఆ వరస పూర్తి నకలు గడ్డం దగ్గరా ఉంది, పరీక్షల గదిలోని కంప్యూటర్‌లోనూ ఉంది, అది అలాంటి ఏర్పాటే, ఒకచోట చెరిపితే మిగతాచోట్ల అబద్ధం బయటపడుతుంది అని కూడా చెప్పింది. బెదిరింపుగా చెప్పలేదు. ఆయనకూ తెలిసిన సంగతే కనుక గుర్తుచేసింది. ఆయన వెళ్ళిపోయాడు. ఏమీ రాయలేదు.

తనిఖీకి వచ్చింది నెరిసిన జుట్టున్న ఒకావిడ. ఒక రోజంతా కూర్చుని వరసను చదివింది. సాయంత్రం అతుకులక్కను పిలిపించి, మీ పేరు మీద మీరే అభ్యంతరం రాశారేమిటని అడిగింది. అతుకులక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడ డైరెక్టరును కూడా పిలిచి తలుపు వేసుకుని మాట్లాడింది. లోపల ఏమనుకున్నారో ఎవరికీ తెలియదు. తెర లేని యంత్రానికి అనుమతి వచ్చింది. ఇకమీదట ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలని, ఒకరి పేరు ఇంకొకరు పెట్టకూడదని ఒక షరతు కూడా వచ్చింది.

ఏడాది చివర ఆమెకు రావలసిన పై పదవి గడ్డానికి ఇచ్చారు. ఆమె పనితీరు గురించి రాసిన కాగితంలో "సర్దుకుపోయే గుణం లేదు" అని ఉంది. మీ అభిప్రాయం అన్నచోట ఆమె "నిజమే" అని రాసి తిరిగి ఇచ్చేసింది. గడ్డం సిగ్గుపడుతూ వచ్చి, ఆ పదవి తాను అడగలేదన్నాడు. అడగలేదని తెలుసునంది. అడక్కుండా పదవి వచ్చినందుకు శిక్షగా రోజూ ఒక గంట వచ్చి తన పక్కన కూర్చుని అతుకులు వెయ్యడం నేర్చుకోమంది. డైరెక్టరు అన్న మాటల్లో నిజమైన ఆ ఒక్క మాటనూ ఆమె అలా తీర్చేసింది. మొదట్లో గడ్డం వేసిన అతుకులు ముడతలు పడేవి. ఆమె ఏమీ అనకుండా విప్పించి మళ్ళీ వేయించేది.

మోకాలు తగ్గింది గాని, మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి పట్టేస్తుంది. తెర తర్వాత విడి కంప్యూటర్‌తో వచ్చింది, బాగానే ఉంది. ఆ పక్షి ఇప్పుడు రకరకాల కొమ్మల మీద వాలుతుంది.

ఈమధ్య కొత్త కెర్నెల్ వచ్చింది. ఆమె పంపిన అతుకుల్లో కొన్నిటిని దాన్ని రాసేవాళ్ళు అసలుదాంట్లోనే కలిపేసుకున్నారు. ఇక వాటిని మొయ్యక్కర్లేదు. ఆమె వాటిని వరసలోంచి తీసి, ఎందుకు తీసిందో రాసి, కింద పేరు పెట్టింది. ఇలా తగ్గుకుంటూ పోతే ఒకనాటికి అతుకులే ఉండవని ఇంట్లో అన్నం తింటూ చెప్పింది. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. మరి అప్పుడు నీ ఉద్యోగం ఏం కావాలే అని అడిగింది.

"ఏముంది అత్తయ్యా, ఇంకోచోటికి వెళ్తాను. అక్కడా ఏదో ఒకటి పెట్టుకుని పోట్లాడతాను."

ముసలావిడ ఆ జవాబుతో తృప్తిపడినట్టు తలూపి, కోడలి పళ్ళెంలో ఇంకొంచెం కూర వేసింది.